పెదవులకు పచ్చబొట్టు: అర్ధశాశ్వత అలంకరణలోని శాస్త్రం, జాగ్రత్తలు

6.1 విషయ పరిచయం

బ్యూటీ పార్లర్ల బోర్డుల మీద ‘లిప్ బ్లష్’, ‘లిప్ టింట్’, ‘సెమీ పర్మనెంట్ లిప్ కలర్’ అనే మాటలు మీరు చూసే ఉంటారు. పేర్లు వేరైనా పని ఒక్కటే. సన్నని సూదులతో పెదవి చర్మంలోకి రంగును చొప్పిస్తారు. అంటే అది పచ్చబొట్టే. మన ఊళ్లలో అమ్మమ్మల ముంజేతుల మీద కనిపించే పచ్చబొట్టుకూ దీనికీ పరికరంలో, రంగులో, ఖర్చులో తేడా ఉంది. సూత్రంలో తేడా లేదు.

గత పాఠంలో లిప్‌స్టిక్, గోళ్ల రంగు, కాటుక వంటి పైపూతలను గురించి చదివారు. వాటిలో ఏది పడకపోయినా కడిగేసుకోవచ్చు. ఈ పాఠంలో చెప్పుకోబోయేది కడిగితే పోయేది కాదు. ఇక్కడి జాగ్రత్తలన్నిటికీ మూలం ఆ ఒక్క తేడాయే.

ఈ పాఠం చదివిన తరవాత పెదవి చర్మం ప్రత్యేకత ఏమిటో, అందులో రంగు ఎలా నిలుస్తుందో మీరు వివరించగలుగుతారు. అంతకంటే ముఖ్యంగా, మీరుగానీ మీ ఇంట్లోవారుగానీ దీన్ని చేయించుకోవాలనుకున్నప్పుడు ఏమేమి అడగాలో, ఎలాంటి సమాధానం వింటే లేచి వచ్చేయాలో తెలుసుకుంటారు. మీలో పార్లర్లలో పనిచేస్తూ చదువుకుంటున్నవారు ఉంటే, ఈ పాఠాన్ని సూది పట్టుకునేవారి వైపు నుంచి చదువుకోండి.

6.2 పాత ఆచారం, కొత్త యంత్రం

తెలుగు నేల మీద పచ్చబొట్లు పొడవడం ఎక్కువగా ఎరుకల స్త్రీల వృత్తి. సోది చెప్పడంతోపాటు ఊరూరా తిరిగి, దీపపు మసిని ఆకు పసరుతో కలిపి, సూదులతో చేతుల మీద, నుదుటి మీద చుక్కలూ ముగ్గులూ పొడిచేవారు. మసి నల్లగా ఉన్నా చర్మం కింద చేరాక పచ్చగా కనిపిస్తుంది. ‘పచ్చబొట్టు’ అనే మాటలో ఆ గమనింపు ఉంది. చర్మం లోపల ఉన్న రంగు, సీసాలో ఉన్న రంగులా కనిపించదన్న సంగతిని మన భాష ఏనాడో గుర్తించిందన్నమాట. ఈ విషయం మళ్లీ 6.6లో పనికివస్తుంది.

పెదవుల మీద పచ్చబొట్టు మాత్రం మన ఆచారం కాదు. మన పెదవులను పండించింది తాంబూలం. జపాన్ ఉత్తర ద్వీపమైన హొక్కైడోలో ఐనూ జాతి స్త్రీలు పెదవుల చుట్టూ మసితో వెడల్పుగా పచ్చబొట్టు పొడిపించుకునేవారు. చిన్ననాట పైపెదవి మీద ఒక చుక్కతో మొదలై పెళ్లినాటికి పూర్తయ్యేది. 1871లో జపాన్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. న్యూజిలాండ్ మావోరీ స్త్రీలకు గడ్డం మీదా పెదవుల మీదా పొడిచే పచ్చబొట్టు వంశ గౌరవానికి గుర్తు. ఈ రెండు చోట్లా పచ్చబొట్టు అందరికీ కనిపించాలనే వేసేవారు. నేటి లిప్ బ్లష్ ఉద్దేశం దానికి సరిగ్గా వ్యతిరేకం. పచ్చబొట్టు వేసినట్టు ఎవరికీ తెలియకూడదు, పుట్టుకతోనే పెదవుల రంగు అంత అనిపించాలి.

ఈ రెండో ఉద్దేశం విద్యుత్ యంత్రంతో వచ్చింది. కాగితాల నకళ్లు తీయడానికి ఎడిసన్ ఒక విద్యుత్ కలాన్ని తయారుచేసి 1876లో పేటెంట్ పొందాడు. న్యూయార్క్‌లో పచ్చబొట్లు వేసే శామ్యూల్ ఒరైలీ ఆ కలం సూత్రాన్నే వాడుకుని 1891లో పచ్చబొట్టు యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లోనే లండన్ కళాకారులు స్త్రీల బుగ్గలకు గులాబీ రంగు, పెదవులకు ఎరుపు పొడవడం మొదలుపెట్టారు. 1980ల్లో అమెరికాలోని కంటి వైద్యులు కనురెప్పల అంచున కాటుక రేఖలా రంగు చొప్పించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన తరవాత కనుబొమలు, పెదవులు కూడా ఈ వ్యాపారంలో భాగమయ్యాయి.

6.3 పెదవి చర్మం ఎందుకు వేరు?

అద్దం ముందు నిలబడి కింది పెదవిని కొద్దిగా ముందుకు లాగి చూడండి. మూడు ప్రాంతాలు కనిపిస్తాయి. బయట రోమాలున్న మామూలు ముఖచర్మం, లోపల తడిగా ఉండే నోటి పొర, ఈ రెంటి మధ్య ఎర్రగా కనిపించే పెదవి. ఈ మధ్య ప్రాంతం అటు పూర్తిగా చర్మమూ కాదు, ఇటు పూర్తిగా నోటి పొరా కాదు. ఇక్కడి బాహ్యచర్మం చాలా పలచన. పైన రక్షణగా ఉండే కెరటిన్ పొర నామమాత్రం. రోమకూపాలు లేవు, స్వేదగ్రంథులు లేవు. నూనెను స్రవించే గ్రంథులు అరుదు. అందుకే చలికాలంలో అన్నిటికంటే ముందు పగిలేది పెదవే.

పలచని ఆ పొర కింద రక్తకేశనాళికలు దట్టంగా ఉంటాయి. పెదవి ఎరుపు నిజానికి మీ రక్తపు రంగే. దానికి మెలనిన్ అనే గోధుమ, నలుపు వర్ణకం ఎంత కలిస్తే పెదవి అంత ముదురుగా కనిపిస్తుంది. స్పర్శ తెలిపే నాడుల కొనలు కూడా వేలి చివరల్లో ఉన్నంత దట్టంగా ఇక్కడ ఉంటాయి.

ఈ నిర్మాణం నుంచి మూడు ఫలితాలు ఊహించవచ్చు. సూది గుచ్చితే నొప్పి ఎక్కువ. రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి వాపు త్వరగా వస్తుంది, గాయం కూడా త్వరగా మానుతుంది. పొర పలచన కాబట్టి సూది ఎంత లోతుకు వెళ్లిందన్న దానిలో కొద్ది తేడా కూడా పెద్ద తేడా అవుతుంది. చేతి మీద పదేళ్లుగా పచ్చబొట్లు వేస్తున్నవారైనా పెదవి మీద కొత్తవారే అని గుర్తుంచుకోండి.

6.4 ‘సెమీ పర్మనెంట్’ అనే మాటను పరీక్షిద్దాం

ఇలాంటి సంభాషణ మీరు వినే ఉంటారు.

“అక్కా, ఇది ఎన్నాళ్లు ఉంటుంది?”

“రెండు మూడేళ్లు ఉంటుందమ్మా. తరవాత దానంతటదే పోతుంది.”

“ఒకవేళ నచ్చకపోతే?”

“లిప్‌స్టిక్ లాంటిదేనమ్మా, నీకు నచ్చిన షేడే వేస్తాగా.”

ఇందులో మొదటి సమాధానం సగం నిజం. రెండోది అసలు సమాధానమే కాదు. అమ్మాయి అడిగింది షేడ్ గురించి కాదు, వెనక్కి వెళ్లే దారి గురించి. ఆ దారి ఉందో లేదో తెలియాలంటే చర్మంలో చేరిన రంగుకు ఏమవుతుందో చూడాలి.

మన బాహ్యచర్మం ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తగా పుడుతుంది. రంగు ఆ పొరలోనే ఉంటే కొన్ని వారాల్లో రాలిపోతుంది. గోరింటాకు అలాగే పోతుంది. పచ్చబొట్టు నిలవాలంటే రంగు దాని కిందనున్న అంతశ్చర్మానికి చేరాలి. అక్కడికి పరాయి పదార్థం రాగానే శరీర రక్షణ వ్యవస్థ స్పందిస్తుంది. మాక్రోఫేజ్‌లు అనే స్థూల భక్షక కణాలు రంగు రేణువులను మింగుతాయి. బాక్టీరియాను జీర్ణం చేసుకున్నట్టు వాటిని జీర్ణం చేసుకోలేవు. కడుపులో రంగు పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. మనకు పైనుంచి కనిపించే పచ్చబొట్టు చాలావరకు ఈ కణాల గుంపే.

మరి ఆ కణాలు చనిపోతే? 2018లో ఫ్రాన్స్‌లోని మార్సేయ్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగం దీనికి జవాబు చెప్పింది. చనిపోయిన కణం వదిలిన రంగును పక్కనే పుట్టిన కొత్త కణం మళ్లీ మింగుతుంది. బిందె పగిలితే నీళ్లు పక్క బిందెలోకి పోసుకున్నట్టు రంగు చేతులు మారుతుందే తప్ప చోటు వదలదు. అయితే ప్రతిసారీ కొంత జారిపోతుంది. చిన్న రేణువులు శోషరస నాళాల ద్వారా దగ్గరలోని శోషరస గ్రంథులకు చేరతాయి. పచ్చబొట్లున్న వ్యక్తుల శోషరస గ్రంథుల్లో టైటానియం డయాక్సైడ్ వంటి రేణువులు ఉన్నట్టు 2017లో ప్రచురించిన ఒక పరిశోధన చూపింది. దానివల్ల ఫలానా జబ్బు వస్తుందని ఆ పరిశోధన తేల్చలేదు. రంగు వేసిన చోటే ఉంటుందన్న ధీమా మాత్రం సరికాదని తెలిసింది.

కాబట్టి ‘సెమీ పర్మనెంట్’ అన్నది రంగు స్వభావాన్ని చెప్పే శాస్త్రీయ పదం కాదు, వ్యాపార పదం. రంగును తక్కువ సాంద్రతతో, తక్కువ లోతులో వేస్తారు కనుక, పెదవిలో రక్తప్రసరణ ఎక్కువ కనుక, ఎండ తగులుతుంది కనుక రెండు మూడేళ్లలో చాలావరకు వెలుస్తుంది. కొందరిలో ఐదేళ్లు దాటినా నీడలా మిగులుతుంది. పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వెలిసేటప్పుడు అన్ని రంగులూ ఒకే వేగంతో పోవు కూడా. మిశ్రమంలోని ఎరుపు ముందు పోయి తెలుపు మిగిలితే పెదవి పాలిపోయినట్టు, నలుపు మిగిలితే బూడిద రంగుగా కనిపిస్తుంది. మీరు ఎంచుకునేది ఇవాళ్టి రంగును మాత్రమే కాదు, మూడేళ్ల తరవాతి రంగును కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి: గోరింటాకు వారాల్లో పోయి, పచ్చబొట్టు ఏళ్ల తరబడి నిలవడానికి కారణం ఏమిటి? అయిదు వాక్యాల్లో రాయండి.

6.5 పని జరిగే తీరు

సక్రమంగా చేసేచోట మొదటి రోజు సూది బయటకే రాదు. ఆరోగ్య వివరాలు అడుగుతారు, పెదవుల ఫొటో తీస్తారు, రంగు గురించి మాట్లాడతారు. మొదటి రోజే ‘ఇవాళ ఆఫర్ ఉంది, కూర్చోండి’ అనేవారి దగ్గర కూర్చోకపోవడమే మేలు.

పని రోజున పెన్సిల్‌తో పెదవి ఆకారం గీసి చూపిస్తారు. ఈ గీతను నిలబడి, నవ్వి, మాట్లాడి చూసుకోండి. పడుకున్నప్పుడు పెదవి ఆకారం కొంత మారుతుంది. గీత పెదవి సరిహద్దు దాటి ముఖచర్మం మీదకు వెళ్లకూడదు. పెదవులు పెద్దవిగా కనిపించాలని గీత దాటిస్తే, అక్కడి చర్మం వేరు కాబట్టి రంగు వేరుగా నిలుస్తుంది. ఏళ్ల తరవాత లోపలి రంగు వెలిసి, బయటి గీత మాత్రం మీసకట్టులా మిగిలిన ముఖాలు ఉన్నాయి.

తరవాత తిమ్మిరి క్రీము రాస్తారు. సాధారణంగా లిడోకెయిన్ ఉంటుంది, కొన్నిటిలో ప్రిలోకెయిన్ కూడా. ఇవి మందులు. పెదవి వంటి పలచని పొర వీటిని త్వరగా పీల్చుకుంటుంది. మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. తిమ్మిరి క్రీములు ఎక్కువ మోతాదులో రాసుకుని ఇద్దరు యువతులు మరణించిన తరవాత అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2007లో హెచ్చరిక జారీచేసింది. 4 శాతానికి మించి లిడోకెయిన్ ఉన్న, డాక్టరు చీటీ లేకుండా అమ్మే క్రీముల గురించి 2024లో మళ్లీ హెచ్చరించింది. ట్యూబు మీద పేరు, శాతం, గడువు తేదీ చదవండి. పేరు లేని డబ్బీలోంచి తీసి రాస్తుంటే ఆపండి.

రంగు వేసే పని రెండు మూడు గంటలు పడుతుంది. యంత్రం సూదిని సెకనుకు ఎన్నోసార్లు పైకీ కిందికీ ఆడిస్తుంది. లోతు మిల్లీమీటరుకు లోపే. గీతలు కాకుండా చిన్నచిన్న చుక్కలుగా వేస్తే లిప్‌స్టిక్ లేతగా అద్దినట్టు వస్తుంది.

ఇక మానే క్రమం. మొదటి రెండు రోజులు పెదవులు వాచి, అనుకున్నదానికంటే చాలా ముదురుగా ఉంటాయి. ఇంట్లోవాళ్లు భయపడేది ఈ రోజుల్లోనే. మూడో రోజు నుంచి వారం లోపు పైపొర రేకులుగా ఊడుతుంది. దాన్ని గిల్లకూడదు, పంటితో కొరకకూడదు. ఊడిన తరవాత రంగంతా పోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు భయపడేది చేయించుకున్నవారు. కొత్త బాహ్యచర్మం ముందు మసకగా ఉండి, క్రమంగా తేటపడేకొద్దీ కింది రంగు మళ్లీ పైకి కనిపిస్తుంది. అసలు రంగు తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే సరిదిద్దే రెండో విడతను ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత పెడతారు.

దీన్నిబట్టి ఒక లెక్క వేసుకోండి. పెళ్లి ముహూర్తానికి వారం ముందు లిప్ బ్లష్ చేయించుకున్న పెళ్లికూతురు పీటల మీద పెదవి పొరలు ఊడుతూ కూర్చుంటుంది. రెండో విడతతో కలిపి కనీసం మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టాలి. అంత వ్యవధి లేకపోతే ఆ పెళ్లికి లిప్‌స్టిక్ చాలు.

మానేదాకా ఆవకాయ, మిరపకాయ బజ్జీ, పొగలు కక్కే టీ పెదవులకు తగలనివ్వకండి. ఈత, ఎండ కూడా పనికిరావు. శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, వాసన, రంగు లేని పెట్రోలియం జెల్లీ వంటిది పలచగా రాయాలి. పసుపు, వెన్న, పసర్లు వంటి ఇంటి వైద్యాలు పచ్చి గాయం మీద వద్దు. వంటింటి పసుపు సూక్ష్మజీవులు లేని పదార్థం కాదు.

6.6 ముదురు రంగు పెదవులు

ఈ పద్ధతులూ రంగుల పట్టికలూ చాలావరకు లేత చర్మం గల దేశాల్లో తయారయ్యాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసే ‘ముందు, తరవాత’ ఫొటోలు కూడా ఎక్కువగా వారివే. దక్షిణ భారతీయుల్లో చాలామందికి పెదవుల్లో మెలనిన్ సహజంగానే ఎక్కువ. ఇది జబ్బు కాదు, లోపమూ కాదు. ‘నల్ల పెదవులకు చికిత్స’ అనే ప్రకటన మొదట చేసే పని సహజ లక్షణాన్ని సమస్యగా మార్చడం.

పచ్చబొట్టు రంగు మెలనిన్‌ను తీసివేయదు, కప్పివేయదు. మెలనిన్ ఎక్కువగా బాహ్యచర్మంలో ఉంటుంది, రంగు దాని కిందకు చేరుతుంది. గోధుమ రంగు అద్దం వెనక గులాబీ కాగితం పెట్టినట్టు ఊహించుకోండి. పైనున్న అద్దాన్ని దాటుకునే మీకు గులాబీ కనిపించాలి. ముదురు పెదవి మీద లేత గులాబీ వేస్తే ఊదా, బూడిద రంగుల్లో తేలేది అందుకే. అనుభవమున్నవారు ముందు నారింజ ఛాయతో ఒక విడత వేసి పెదవిలోని నీలి ఛాయను తగ్గించి, తరవాతి విడతలో కోరిన రంగు వేస్తారు. ఫలితం ఒక మెట్టు వెచ్చని రంగు. గులాబీ రేకు కాదు.

ఇంకో చిక్కుంది. ముదురు చర్మానికి గాయమైతే మానిన చోట మెలనిన్ ఇంకా పెరిగి మచ్చ పడటం మామూలే. మొటిమ తగ్గాక నల్ల మచ్చ మిగలడం మీకు అనుభవమే. పెదవి మీద వేలాది సూది పోట్లు కూడా గాయాలే కదా. పెదవులు నల్లగా ఉన్నాయని చేయించుకుంటే ఇంకా నల్లబడే అవకాశం కొందరిలో ఉంటుంది.

పెదవులు ఈమధ్యనే నల్లబడి ఉంటే రంగు మాట పక్కన పెట్టి కారణం వెతకాలి. పొగతాగడం, లిప్‌స్టిక్‌గానీ టూత్‌పేస్ట్‌గానీ పడకపోవడం, కొన్ని మందులు, పెదవిని తరచు నాలుకతో తడుపుకునే అలవాటు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. పెదవుల మీద చిన్నప్పటినుంచీ వచ్చే చిన్నచిన్న నల్లచుక్కలు పేగుల్లో కంతులు ఏర్పడే ఒక వంశపారంపర్య వ్యాధికి గుర్తు కావచ్చు. పెద్దవారిలో కొత్తగా పుట్టి పెరుగుతున్న మచ్చను పరీక్ష చేయించకుండా రంగుతో కప్పితే వైద్యుడికి కనిపించాల్సిన ఆధారాన్ని మనమే దాచినట్టు.

పెదవి మీద బొల్లి మచ్చలున్నవారికీ, గ్రహణం మొర్రి శస్త్రచికిత్స గుర్తు మిగిలినవారికీ ఈ పద్ధతి నిజంగా మేలుచేస్తుంది. మన దేశంలో చర్మవైద్యులు చాలాకాలంగా ఈ పని చేస్తున్నారు. బొల్లి విషయంలో ఒక షరతు ఉంది. వ్యాధి కదలకుండా నిలిచిపోయి ఉండాలి. వ్యాపిస్తున్న దశలో సూది గుచ్చితే ఆ గాయం చోటే కొత్త మచ్చ పుట్టవచ్చు. అందువల్ల ఈ రెండు సందర్భాల్లో పార్లరు కాదు, చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి.

6.7 ప్రమాదాలు

జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున గుత్తిగా లేచే నీటిపొక్కులు మీకు తెలుసు. ఇవి హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వస్తాయి. 50 ఏళ్ల లోపువారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఈ వైరస్ ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి ఉన్న సంగతే తెలియదు. అది ముఖానికి సంబంధించిన నాడీకణాల్లో నిద్రపోతూ ఉంటుంది. పెదవికి గాయమైతే మేల్కొంటుంది. పచ్చబొట్టు పని సరిగ్గా అలాంటి గాయమే. అప్పుడు పొక్కులు ఒక మూలన ఆగకుండా పెదవి అంతటా వ్యాపించవచ్చు. మీకు జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి పొక్కులు వచ్చి ఉంటే ముందుగానే డాక్టరుకు చెప్పండి. అవసరమైతే వైరస్‌ను అణచే మాత్రలు ముందురోజు నుంచి రాసిస్తారు. ఆ మాత్రలను పార్లరువారు ఇవ్వకూడదు. అయితే ‘మీకెప్పుడైనా పొక్కులు వచ్చాయా?’ అని అడగడం వారి బాధ్యత. అడిగారో లేదో చూడండి. పెదవుల పని తెలిసినవారిని గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదని నా అభిప్రాయం.

రెండోది రక్తం ద్వారా వచ్చే అంటువ్యాధులు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట ఏడు రోజులైనా బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు. కాబట్టి సూది ఒక్కటి మారిస్తే సరిపోదు. సూది, అది కూర్చునే కార్ట్రిడ్జ్, రంగు పోసే చిన్న గిన్నె, మిగిలిపోయిన రంగు, అన్నీ ఒకరికే వాడి పారేయాలి. సీలు వేసిన ప్యాకెట్టును మీ కళ్లముందు విప్పాలి. తిరిగి వాడే లోహపు పరికరాలుంటే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒత్తిడితో కూడిన ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి. డెట్టాల్‌లో ముంచడం, స్పిరిట్‌తో తుడవడం దానికి బదులు కావు. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివారు ముందు అది పూర్తిచేసుకోండి. ఈ పనిలో ఉన్నవారికి ఆ టీకా మరీ అవసరం.

మూడోది రంగు పడకపోవడం. ఇది వెంటనే రావచ్చు, నెలల తరవాత కూడా రావచ్చు. ఎరుపు రంగులతో ఎక్కువ. పెదవులు ఉబ్బడం, దురద, గట్టి గడ్డలు దీని లక్షణాలు. అమెరికాలో 2003, 2004 సంవత్సరాల్లో ఒకే తయారీదారు రంగుల మీద 150కి పైగా ఫిర్యాదులు ఆహార, ఔషధ సంస్థకు చేరాయి. లిప్‌స్టిక్ పడకపోతే తుడిచేస్తాం. ఇక్కడ పడని పదార్థం చర్మం లోపల ఉంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అదుపులో లేని మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, గాయం మానాక చర్మం ఉబ్బెత్తుగా పెరిగే తత్వం ఉన్నవారు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారు దీనికి పూనుకోకూడదు, లేదా డాక్టరు ఒప్పుకుంటేనే పూనుకోవాలి. పచ్చబొట్టు వేయించుకున్న తరవాత కొన్ని నెలలపాటు రక్తదానానికి అనుమతించరు. ఎంఆర్‌ఐ స్కాన్ తీసేముందు పచ్చబొట్టు ఉన్న సంగతి చెప్పాలి. రంగులోని ఐరన్ ఆక్సైడ్ వల్ల అరుదుగా మంట, వాపు వస్తాయి. అందుకని స్కాన్ మానుకోనక్కరలేదు.

6.8 రంగును నియంత్రించేదెవరు?

యూరోపియన్ యూనియన్ 2022 జనవరి 4 నుంచి పచ్చబొట్టు రంగుల్లోనూ, ఇలాంటి శాశ్వత అలంకరణ రంగుల్లోనూ వేలాది రసాయనాల మీద ఆంక్షలు విధించింది. అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ చర్మంలోకి చొప్పించడానికంటూ ఏ వర్ణకాన్నీ ఇంతవరకు ఆమోదించలేదు. అక్కడ అమ్ముతున్నారంటే ఆమోదించారని అర్థం కాదు. మన దేశంలో 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఇచ్చే నిర్వచనంలో పూసేవి, చల్లేవితోపాటు శరీరంలోకి చొప్పించేవి అన్న మాట కూడా ఉంది. అయితే పచ్చబొట్టు వేసేవారికి ఇంత శిక్షణ ఉండాలి, గది ఇలా ఉండాలి అని చెప్పే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. గోడ మీద వేలాడే సర్టిఫికెట్టు ఎక్కువగా రెండు మూడు రోజుల ప్రైవేటు శిక్షణకు సంబంధించినదై ఉంటుంది. కాబట్టి ప్రస్తుతానికి తనిఖీ అధికారి పని చాలావరకు వినియోగదారే చేసుకోవాలి. రంగు సీసా మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, అందులోని వర్ణకాల వివరాలు, గడువు ఉన్నాయేమో చూడండి. సీసాను ఫొటో తీసుకోండి, బిల్లు తీసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే వైద్యుడు మొదట అడిగేది ‘ఏ రంగు వేశారు?’ అనే.

6.9 తీయించుకోవాలంటే

సంభాషణలోని అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. లేజర్ కిరణం రంగు రేణువులను చిన్న ముక్కలుగా పగలగొడితే శరీరం వాటిని మెల్లగా తరలిస్తుంది. చేతి మీది నల్ల పచ్చబొట్టుకు ఇది బాగానే పనిచేస్తుంది. పెదవి దగ్గర ఒక మెలిక ఉంది. లేత ఎరుపు, గులాబీ, చర్మపు రంగుల్లో తరచు ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. లేజర్ తాకగానే తుప్పు రంగు ఐరన్ ఆక్సైడ్ క్షయకరణం చెంది నల్లని రూపంలోకి మారుతుంది. తెల్లని టైటానియం సమ్మేళనం నీలి ఛాయకు తిరుగుతుంది. అంటే గులాబీ పెదవి క్షణంలో నల్లగా మారవచ్చు. ఆ నలుపును పోగొట్టడానికి మళ్లీ అనేక విడతలు కావాలి, పోతుందన్న నమ్మకమూ లేదు. అందుకే చర్మవైద్యులు ముందు పెదవి మూలన ఒక చుక్కంత చోట లేజర్ తగిలించి, కొన్ని వారాలు ఆగి చూస్తారు. పైగా ముదురు చర్మంలో లేజర్ మెలనిన్‌ను కూడా తాకుతుంది కాబట్టి తెల్ల మచ్చలు పడే ముప్పు ఉంది. ఉప్పు ద్రావణాలతో, ఆమ్లాలతో రంగు తీస్తామనే పార్లర్ల జోలికి పోవద్దు. పెదవి పొర ఎంత పలచనో 6.3లో చదివారు.

వేసిన రంగు మీద ఇంకో రంగు వేసి సరిచేస్తామని కొందరంటారు. ఒక్కోసారి కుదురుతుంది. కానీ ప్రతి విడతకూ లోపల పేరుకున్న రంగు పెరుగుతుంది, తరవాత లేజర్ పని అంతకంతకూ కష్టమవుతుంది.

చేసి చూడండి: మీ ఊళ్లోగానీ దగ్గరి పట్టణంలోగానీ లిప్ బ్లష్ చేసే ఒక పార్లరుకు వెళ్లి, చేయించుకోవాలనుకుంటున్నవారిలా కాక విద్యార్థిగా పరిచయం చేసుకుని, ఈ నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడగండి: మీరు వాడే రంగు సీసా చూపిస్తారా? తిమ్మిరి క్రీములో ఏముంది, ఎంత శాతం? పెదవి పొక్కుల గురించి వచ్చినవారిని అడుగుతారా? నచ్చకపోతే ఎవరి దగ్గరకు పంపుతారు? వచ్చిన సమాధానాలను పార్లరు పేరు లేకుండా మీ నోటుపుస్తకంలో రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.